రెండు పడని గవ్వలు

వెలుగు పక్షం, సోమవారం

గవ్వల పెట్టె మీద ఫిర్యాదు వచ్చింది. నా పెట్టె మీద! ఇంట్లో కూర్చుని నేను చేసిన వస్తువుల్లో ఒక్కసారి కూడా మొరాయించనిది అదొక్కటే. తలుపు గంట మూగబోయింది, ఒప్పుకుంటాను. పాలకూర తొట్లకు నీళ్ళు పెట్టాల్సిన యంత్రం మా పడకకు పెట్టింది, అదీ ఒప్పుకుంటాను. గవ్వల పెట్టెకు మాత్రం ఇవాళ్టిదాకా ఎవరూ వంక పెట్టలేదు.

పెట్టింది నూకరత్నం అత్త. మా ఆయన పైడిరాజుకు పిన్ని, నాకు అత్త వరస. మా సొరంగం వీధిలో చిట్టచివరి గది ఆవిడది. జీవితమంతా చేపల తొట్ల దగ్గర పనిచేసింది. ఇక విశ్రాంతి తీసుకోమంటే, రోజూ అక్కడికే వెళ్ళి పనివాళ్ళకు తప్పులు చెప్పి వస్తుంది. సాయంత్రమైతే వీధిలో సగం మంది ఆవిడ గదిలో అష్టాచమ్మాకు చేరతారు.

“ఓలె యేణీ, నీ పెట్టెకేటో అయినాది. రెండు పడతనేదు,” అంది, ఇవాళ నేను గడప దాటీదాటకముందే.

నా పేరు సత్యవేణి. ఆవిడ నోట్లో అంత పొడుగు పేరు పట్టదు.

“నీకు పడట్లేదేమో అత్తా. మిగతావాళ్ళకి పడుతోంది కదా.”

“ఎవులికీ పడతనేదు. అస్తమానం అష్టా, నేకపోతే చమ్మా. పెతీసారి ఇంకో ఆట, ఇంకో ఆట. ఒకడు కూకుంటే లెగడు. ఇదేటి ఆటా?”

మిగతావాళ్ళు నవ్వారు. వాళ్ళకేం, అష్టా చమ్మా పడితే మళ్ళీ వేసే అవకాశం వస్తుంది కాబట్టి నెల రోజులుగా నా పెట్టెను తెగ మెచ్చుకుంటున్నారు. దీని చెయ్యి మంచిది అని పైడిరాజు నలుగురిలో అన్నాడు కూడా. నన్ను ఆ మాట అని ఎన్నాళ్ళయిందో. అత్త కూడా నవ్వబోయింది కానీ మధ్యలో ఆగి గోడ పట్టుకుంది. ఈ మధ్య ఆవిడ ఏ నవ్వునూ పూర్తి చెయ్యలేకపోతోంది, ఊపిరి చాలడం లేదు.

వెలుగు పక్షం, మంగళవారం

పెట్టె విప్పి చూశాను. తీగలు బాగున్నాయి, టంకం ఎక్కడా ఊడలేదు. నా గదిలో గాలి గొట్టానికి తగిలించి వేసి చూస్తే రెండ్లు చక్కగా పడ్డాయి. పెట్టె తప్పేమీ లేదని చెప్పడానికి ఇది చాలదా?

అసలు ఈ పెట్టె పుట్టిందే అత్త కోసం. ఆవిడ భూమి నుంచి వచ్చేటప్పుడు భీమిలి తీరంలో ఏరిన నాలుగు గవ్వలు తెచ్చుకుంది. చంద్రుడి మీద గవ్వలు వెయ్యడం ఎంత కష్టమో ఆడినవాళ్ళకే తెలుస్తుంది. విసిరితే తీరిగ్గా పైకి లేస్తాయి, తీరిగ్గా దిగుతాయి, నేల తగిలాక మళ్ళీ లేచి మంచం కిందకు పోతాయి. వెతికి తీసేసరికి పడింది మూడా, చమ్మానా అని తగువు. తాను కళ్ళారా చూశానని పైడిరాజు ఒట్టు వేస్తాడు. పైడిరాజు ఒట్టును నేనే నమ్మను.

అందుకని పాత తలుపు గంటల బోర్డు ఒకటి తీసుకుని నాలుగు దీపాలు పెట్టాను. దీపం వెలిగితే గవ్వ వెల్లకిలా పడ్డట్టు, ఆరితే బోర్లా పడ్డట్టు. నాలుగూ వెలిగితే చమ్మా, నాలుగూ ఆరితే అష్టా. రెండు వెలిగి రెండు ఆరితే రెండు. మామూలుగా అన్నిటికంటే ఎక్కువసార్లు పడేది ఆ రెండే.

ప్రోగ్రాం రాసినప్పుడు ఒక్క చిక్కు వచ్చింది. కంప్యూటరుకు గవ్వలు వెయ్యడం చేతకాదు. చెప్పింది చేస్తుందే తప్ప దానంతట అది తోచినట్టు చెయ్యదు. కాస్త గందరగోళం బయటినుంచి తెచ్చి పెట్టాలి. ఈ ఊళ్ళో గందరగోళం ఎక్కడ దొరుకుతుంది? గోడలో గాలి గొట్టం ఉంది. ప్రతి ఇంటికీ ఊపిరి తెచ్చే గొట్టం, అందులో గాలి ఎప్పుడూ అడ్డదిడ్డంగా చప్పుడు చేస్తుంది. గంట బజరులోని బిళ్ళ పీకి, చప్పుడు వినే చెవిలా ఆ గొట్టానికి అంటించాను. మీట నొక్కగానే పెట్టె ఆ చప్పుడును నాలుగుసార్లు, ఒకదాని తర్వాత ఒకటి వింటుంది. ఒక్కో వినికిడికి ఒక్కో గవ్వ.

ఇంత చక్కగా చేసిన దానికి వంక పెట్టింది. అత్తకు వయసు మీద పడింది, అంతే.

వెలుగు పక్షం, బుధవారం

నిన్న రాసిన ఆఖరి వాక్యం ఇవాళ చదువుకుంటే సిగ్గేస్తోంది. అదే మాట డాక్టరు ఫణీంద్ర నోట విన్నాను, నాకు నచ్చలేదు.

అత్తను చికిత్సా కేంద్రానికి పంపిస్తారట. వచ్చే చీకటి పక్షం మొదటి రోజునే. ఆయాసం కిందటి చీకటి పక్షంలో మొదలైంది. అప్పుడు రెండు రోజులు కేంద్రంలో ఉంచితే లేడిపిల్లలా తిరిగింది, ఇంటికి రాగానే మళ్ళీ మామూలే. కాబట్టి ఆవిడకు కేంద్రమే ఒంటికి పడుతుందని డాక్టరు లెక్క. ఆయన మంచివాడే, అత్త చెయ్యి పట్టుకునే చెప్పాడు.

“వయసు మీద పడింది కదమ్మా, ఊపిరితిత్తులు అలిసిపోయాయి. అక్కడైతే మనుషులు కనిపెట్టుకుని ఉంటారు.”

“మరి నా గదో?”

డాక్టరు నా వైపు చూశాడు. కేంద్రానికి మకాం మార్చిన పెద్దవాళ్ళ గది కొత్తగా పెళ్ళయిన వాళ్ళకు ఇస్తారు. సొరంగంలో గదులు తక్కువ, అది అందరికీ తెలిసిన పద్ధతి. తిరిగొచ్చి నా గది నాకిమ్మని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు.

“నానెల్లను,” అంది అత్త. “నాకేటీ నేదు. ఆ గవ్వలకే ఏటో అయినాది, ముందు అయి సూడండి.”

బయటికొచ్చాక డాక్టరు గొంతు తగ్గించి, “ఈ గవ్వల మాట మాటిమాటికీ అంటున్నారా?” అని అడిగాడు. రెండు పడటం లేదన్న బెంగ ఆయనకు ఇంకో జబ్బులా కనిపించినట్టుంది. అవునన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఇంటికొచ్చేసరికి తల పగిలిపోతోంది. అత్త గదికి వెళ్ళొచ్చిన రోజు ఇదే వరస. సోల్డరింగ్ పొగ పీల్చడం తగ్గించమని పైడిరాజు అంటాడు.

వెలుగు పక్షం, గురువారం

ఇవాళ ఒక మంచి పని చేశాను. ప్రోగ్రాంలో ఒక లైను చేర్చాను. చాలాసేపు రెండు పడకపోతే పెట్టె తనే ఒక రెండు వేస్తుంది. ముఖ్యంగా అత్త వంతు వచ్చినప్పుడు; మీటను ఆవిడొక్కతే చాలాసేపు అదిమి పడుతుంది, దాన్నిబట్టి పెట్టె పోల్చుకుంటుంది.

పెట్టెలో తప్పు లేదని నాకు తెలుసు. కానీ ఆవిడకు రెండు పడి, ఆ మాట మానేస్తే, మతి బాగానే ఉందని డాక్టరు ఒక్క జబ్బైనా తగ్గించి రాసుకుంటాడు. మనిషి కూడా కాస్త సంతోషిస్తుంది. వెళ్ళే లోపు నాలుగు ఆటలు గెలిస్తే ఎవరి సొమ్మూ పోదు.

సాయంత్రం అత్త నాలుగు కాయలూ వరసగా పండించింది. వీధంతా చప్పట్లు కొట్టింది. అత్త మాత్రం పెట్టె వైపే చూస్తూ కూర్చుంది.

వెలుగు పక్షం, శుక్రవారం

అత్త తన్నలేదు కానీ తన్నినంత పని చేసింది.

నేను వెళ్ళేసరికి ఒక్కతే ఉంది. పెట్టె ఒళ్ళో పెట్టుకుని, “దీన్లో ఏటెట్టావు?” అంది.

“ఏం పెట్టలేదత్తా.”

“అబద్ధమాడకు. కావలిసినప్పుడల్లా రెండు పడతన్నాది. పొద్దున్నుంచీ ఒక్కదాన్నే ఏసి సూసాను. ఎతుక్కుని మరీ ఇత్తన్నాది నాకు.” కాసేపు ఊపిరి తీసుకుంది. “పిచ్చిదాన్ని సేసీసినావు కదే నన్ను. ఆ డాట్రుకంటే నువ్వే ఎక్కువ సేసినావు.”

“నువ్వు బాధ పడుతుంటే చూడలేక...”

“నాను బాధ పడతన్నానని సెప్పానా? గవ్వలు బాగోనేదని సెప్పాను. నా మాట ఇన్నావా? ఇననేదు. ఇనకుండా బెల్లం ముక్క నోట్లో ఎట్టావు. నాకు జాలి గవ్వలొద్దు.”

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఓదార్చలేదు, నేనూ అందుకు తగను. పెట్టె అక్కడే, ఆవిడ ముందే విప్పి ఆ లైను తీసేశాను. తీసేస్తూ, ఒక్కసారైనా ఆవిడ మాట నిజమనుకుని చూద్దామని పెట్టె వింటున్న చప్పుడును ఉన్నదున్నట్టు దీపాల మీదకు వదిలాను. మా ఇంట్లో ఇలా చేస్తే దీపాలు అడ్డదిడ్డంగా మిణుకుమంటాయి. అత్త గదిలో నాలుగూ ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరాయి. మళ్ళీ వెలిగి, మళ్ళీ ఆరాయి. తాళం వేసినట్టు ఒకే లయ.

చప్పుడు గందరగోళంగా ఉంటే నాలుగు గవ్వలూ నాలుగు రకాలుగా పడతాయి. ఒకే లయలో ఉంటే నాలుగూ ఒకేలా పడతాయి. అంటే అష్టా, లేకపోతే చమ్మా. రెండు ఎక్కణ్ణుంచి పడుతుంది?

మంగళవారం నేను పెట్టెను నా గదికి తెచ్చుకుని పరీక్ష చేశాను. అత్త గొట్టం మాత్రం అత్త గదిలోనే ఉండిపోయింది. ఎంత తెలివి నాది!

“ఇదేటే?” అంది అత్త.

“నీ గొట్టంలో ఏదో కొట్టుకుంటోంది అత్తా. చివరి మలుపులో చిన్న ఫ్యాను ఉంటుంది కదా, గాలిని ఈ గదిలోకి నెట్టేది. అదే అయ్యుండాలి. గాలి నీదాకా సరిగ్గా రావడం లేదు.”

ఆవిడ గోడలోని గొట్టం మీద చెయ్యి పెట్టి చూసింది. “అయితే నా ఊపిరి...” అని ఆగింది. నేను తలూపాను.

వెలుగు పక్షం, శనివారం

గాలి డ్యూటీ శామ్యూలు దగ్గరికి పెట్టె పట్టుకుని వెళ్ళాను. అంతా విన్నాడు. టీ కూడా ఇచ్చాడు. కానీ వీధి మొదట్లో ఉన్న మీటరు చూపించాడు, ముల్లు పచ్చగీత మీదే ఉంది.

“మొదట్లో బాగానే ఉంది. బాగోనిది చివర,” అన్నాను.

“కావచ్చమ్మా. కానీ చివరి మలుపు విప్పాలంటే వీధి మొత్తానికి గాలి ఆపాలి. చంటిపిల్లలున్న ఇళ్ళున్నాయి. అష్టాచమ్మా పెట్టె చెప్పిందని గాలి ఆపానంటే నన్ను ఈ కుర్చీలో ఉంచుతారా? చేతి మీటరొకటి ఉంది, అది కొత్త సొరంగం తవ్వే చోట వాడుతున్నారు. డాక్టరు అడిగితే ఒక్క పూటకు తెప్పిస్తాను. డాక్టరు చేత అడిగించండి.”

డాక్టరుకు కబురు పెట్టాను. చీకటి పక్షం పనులతో తీరిక లేదట, సోమవారం అత్తను తీసుకెళ్ళడానికి తనే వస్తాడట, అప్పుడు మాట్లాడదామన్నాడు. అప్పటికి సామాను బండి కూడా వస్తుంది. ఏం మాట్లాడతాం?

వెలుగు పక్షం, ఆదివారం

రేపటి నుంచి చీకటి. ఎండ పలకలు పని చెయ్యవు కాబట్టి రెండు వారాల పాటు కరెంటు పొదుపు, సోల్డరింగ్ నిషేధం. గోడల్లోని ఫ్యాన్ల వేగం తగ్గిస్తారు, వెచ్చదనం పోకుండా ప్రతి గది తలుపూ మూసి ఉంచాలి. అత్తకు ఆయాసం కిందటి చీకటి పక్షంలోనే ఎందుకు మొదలైందో ఇవాళ అర్థమైంది. అసలే కుంటుతున్న ఫ్యాను నెమ్మదిస్తే అక్కడికక్కడే నిలబడిపోతుంది. పైగా మూసిన తలుపు. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి మనం వదిలిన ఊపిరి భూమి మీదలా తప్పుకోదు, ఫ్యాను నెట్టకపోతే మొహం చుట్టూనే మూగి ఉంటుంది. ఆవిడ రాత్రంతా తను వదిలిన గాలినే పీలుస్తోంది, మా గదికి వచ్చి పడుకోమంటే గడప దాటితే గది పోతుందని రానంటోంది.

సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి ఆఖరి పని చేశాను. పాత రేడియోలోని స్పీకరు తీసి బజరు బిళ్ళకు కలిపాను. మా గొట్టానికి పెడితే రేకు మీద వాన పడుతున్నట్టు చప్పుడు. పైడిరాజు కళ్ళు మూసుకుని విన్నాడు, చాలా రోజులకు వాన విన్నానన్నాడు. తరవాత నా వేలి మీద కాలిన మచ్చ చూసి, మందు రాసి, పిన్ని ఎక్కడికీ వెళ్ళదులే అన్నాడు. ఈసారి ఒట్టు వెయ్యలేదు.

చీకటి పక్షం, సోమవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

డాక్టరు వచ్చేసరికి అత్త తలుపు మూసుకుని, మంచం మీద పలక పరిచి, నాలుగు రంగుల కాయలూ సర్ది పెట్టుకుంది. సామాను ఒక్కటీ సర్దలేదు.

“ఒక్క ఆట ఆడండి డాట్రుగారూ. ఆడినాక ఎక్కడికి రమ్మంటే అక్కడికొత్తాను,” అంది.

ఆయన నా వైపు, పైడిరాజు వైపు చూసి, నవ్వి కూర్చున్నాడు. తలుపు వెయ్యమంది అత్త. చీకటి పక్షం కదా, నిబంధన అదే. నలుగురం మూసిన గదిలో ఆట మొదలుపెట్టాం.

డాక్టరుకు మొదటి పందెం చమ్మా. తరవాత అష్టా. మళ్ళీ అష్టా. ఆయన మొహం వెలిగిపోయింది. చిన్నప్పుడు వాళ్ళ అక్కలు తనను ఒక్క ఆట గెలవనివ్వలేదని చెప్పాడు. మళ్ళీ చమ్మా పడింది.

“రెండు పడాలని కోరుకోండి,” అన్నాను.

“ఎందుకండీ, ఇదే బాగుంది.”

“ఊరికే కోరుకోండి.”

మీట నొక్కుతూనే ఉన్నాడు. అష్టా, చమ్మా, అష్టా. ఆయన నవ్వు తగ్గుతూ వచ్చింది. అత్త గోడకు ఆనుకుని గసపోస్తూ చూస్తోంది. ఆట సగానికి వచ్చేసరికి పైడిరాజు ఆవలించాడు. నేనూ ఆవలించాను. డాక్టరు కణతలు రుద్దుకున్నాడు. కాసేపాగి మళ్ళీ రుద్దుకున్నాడు. కాలర్ బొత్తాం విప్పుకున్నాడు.

“తలనొప్పా?” అంది అత్త.

“కొంచెం. పొద్దున్నించీ తిరుగుడు కదా.”

“ఈ గదిలోకొచ్చినోలందరికీ వొత్తాది. ఆలకి ఒయసు మీద పడనేదు మరి.”

ఆయన చెయ్యి మీట మీదే ఆగిపోయింది. అత్తను చూశాడు, మమ్మల్ని చూశాడు, మూసిన తలుపును చూశాడు. నేను లేచి స్పీకరును గొట్టానికి పెట్టాను. వాన లేదు. టక్కు మని ఒక చప్పుడు, ఈడుపు, మళ్ళీ టక్కు. తరవాత చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్కు.

డాక్టరు లేచి తలుపు బార్లా తెరిచి, వీధిలోకి తల పెట్టి నాలుగుసార్లు గట్టిగా గాలి పీల్చి, అక్కడి నుంచే శామ్యూలును పిలిచాడు. చేతి మీటరు వచ్చేదాకా అత్తను తన భుజానికి ఆనించుకుని గుమ్మంలో నిలబడ్డాడు. శామ్యూలు తలుపు మూయించి, కాసేపయ్యాక మీటరును అత్త దిండు దగ్గర పెట్టాడు. ముల్లు పచ్చగీత దాటింది, పసుపు దాటింది, ఎర్రలోకి వెళ్ళి ఆగింది.

శామ్యూలు ఆ ముల్లును చూసి, “దేవుడా” అన్నాడు. మరుక్షణం వీధి మీదకు వెళ్ళి ఇంటింటి తలుపూ కొట్టడం మొదలుపెట్టాడు, గాలి ఆపుతున్నాను, పిల్లలను పక్క వీధికి తీసుకెళ్ళండని.

సామాను బండి గుమ్మంలో ఖాళీగా నిలబడి ఉంది. డాక్టరు బండివాడిని పంపేసి, అత్త ముందు గొంతుక్కూర్చుని క్షమించమన్నాడు. అత్త ఆయన తల నిమిరింది. “నువ్వు నా సెయ్యి అట్టుకున్నావు కదా బాబూ, ఆ మాత్రం సాలు. ఈ గుంటే నాకు బెల్లం ముక్క ఎట్టింది,” అని నన్ను చూపించింది. ఇది జీవితాంతం వదిలేలా లేదు.

చీకటి పక్షం, గురువారం

ఫ్యాను ఇరుసు అరిగి ఒక పక్కకు ఒరిగిపోయిందట. శామ్యూలు మార్చేశాడు. ప్రతి వీధిలో చివరి గదికి ఒక గవ్వల పెట్టె చేసివ్వమని అడిగాడు, వెలుగు రాగానే మొదలుపెట్టాలి. అష్టాచమ్మా ఆడేవాళ్ళున్న గదుల్లోనే పెట్టాలని, ఊరికే గోడకు తగిలిస్తే ఎవరూ పట్టించుకోరని నేను షరతు పెట్టాను.

వీధిలో జనం మాత్రం కొంచెం డీలా పడ్డారు. చమ్మాలు తగ్గిపోయాయి. పెట్టె చెయ్యి చెడిందని పైడిరాజు గొణిగాడు.

ఇవాళ సాయంత్రం తలుపు మూసుకునే ఆడాం. ఎవరికీ తల నొప్పి రాలేదు. అత్తకు మూడు కాయలు పండాయి, నాలుగోది ఆఖరి మలుపులో ఉంది. నాదొక కాయ సరిగ్గా దానికి రెండు గళ్ళ వెనక. మీట నొక్కాను. రెండు దీపాలు వెలిగాయి, రెండు ఆరాయి.

రెండు.

చంపితే ఆవిడ కాయ మొదటికి పోతుంది. వారం రోజులుగా ఆవిడ పడ్డది గుర్తొచ్చింది. నా వేలు పక్కనున్న ఇంకో కాయ మీదకు వెళ్ళింది.

“ఏటి సూత్తన్నావు?” అంది అత్త. “సంపు. జాలి పడ్డావంటే ఆ పెట్టె నీ మెడకి కడతాను.”

చంపాను. ఆవిడ నవ్వింది. గోడ పట్టుకోకుండా, మధ్యలో ఆగకుండా, చివరిదాకా నవ్వింది.